పైత్యనాళపు కాన్సరు — అయస్కాంతం ఏం చెప్పగలదు?

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని మనవాళ్ళ సామెత. నిజానికి కామెర్లవాడికి లోకం మామూలుగానే కనబడుతుంది. అతని కళ్ళు పచ్చగా కనబడేది మనకి. పొరపాటుగా చూసేది కూడా చాలాసార్లు మనమే. కామెర్లన్నీ ఒకటే జబ్బనుకుంటాం. పసరు పోయిస్తాం, చేతి మీద వాత పెట్టిస్తాం, ఉప్పూ నూనే మాన్పించి చప్పిడి కూడు పెడతాం. నాలుగేళ్ళ కిందట మా మేనమామ విషయంలో మేము చేసింది అక్షరాలా ఇదే.

ఆయనకప్పుడు 61 ఏళ్ళు. వ్యవసాయం తప్ప మరో వ్యాపకం లేని మనిషి. ముందు ఒళ్ళంతా దురదలన్నాడు. తరువాత మూత్రం ముదురు రంగులో పోతోందన్నాడు. మలం మాత్రం సుద్దలాగా తెల్లబడింది. కళ్ళు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. "నొప్పి లేదు కదా, అదే పోతుందిలే" అన్నారు ఇంట్లో అందరూ. మూడు వారాలు పసరు తాగాక, మనిషి సగం చిక్కాక, పట్నం తీసుకెళ్ళాం. అక్కడ ఎం.ఆర్.ఐ. స్కాన్ తీశారు. ఆ రిపోర్టు నా చేతిలో పెట్టి మావయ్య అడిగాడు: "ఒరే అల్లుడూ, నువ్వు ఫిజిక్సు చదువుతున్నావుగా, ఈ మిషను మీ సబ్జెక్టేనటగా. ఇంతకీ నాకెన్నాళ్ళుందో ఇందులో రాసుందా?"

నేనప్పుడు బి.ఎస్‌సి. రెండో సంవత్సరంలో ఉన్నాను. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఎం.ఎస్‌సి.కి వచ్చి, కేంద్రక అయస్కాంత అనునాదం అనే పాఠాన్ని పరీక్ష కోసం చదువుతున్నప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తుకొస్తోంది. నేను వైద్యుణ్ణి కాను. భౌతికశాస్త్ర విద్యార్థిగా నాకు అర్థమైనంత మేరకు, అయస్కాంతంతో తీసిన ఒక బొమ్మ మనిషి భవిష్యత్తు గురించి ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నది మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలేయమూ, దాని కాలువలూ

మన కాలేయం రోజుకు సుమారు అరలీటరు నుంచి లీటరు దాకా పైత్యరసాన్ని తయారుచేస్తుంది. అది సన్నని నాళాలలో పుట్టి, వాగులు కలిసి ఏరైనట్లు పోనుపోను పెద్ద నాళాలుగా కలుస్తుంది. చివరకు కుడివైపు నుంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఒకటి వచ్చి కాలేయపు ముఖద్వారం దగ్గర సంగమిస్తాయి. అక్కడి నుంచి ఒకే నాళం కిందికి దిగి చిన్నప్రేగులో కలుస్తుంది. పెన్సిలు కన్నా సన్నని ఈ గొట్టంలో ఎక్కడ అడ్డు పడినా పైత్యం వెనక్కి తన్ని రక్తంలోకి చేరుతుంది. అవే అడ్డు కామెర్లు. మలానికి రంగునిచ్చే పదార్థం ప్రేగులోకి రాదు కనుక మలం తెల్లబడుతుంది, అదే పదార్థం మూత్రంలోకి పోయి దాన్ని ముదురు చేస్తుంది.

పసరు మందుకి పేరెలా వచ్చిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన ఊళ్ళలో కామెర్లు ఎక్కువగా కలుషితమైన నీటివల్ల వచ్చే వైరస్ జబ్బు. చాలామందిలో అది కొన్ని వారాలకి దానంతట అదే తగ్గుతుంది. తగ్గిన ఖ్యాతి ఆ సమయంలో తాగిన పసరుకి దక్కుతుంది. కానీ గొట్టంలో గడ్డ అడ్డుపడితే ఏ ఆకు రసమూ దాన్ని తొలగించలేదు. మా మావయ్య పోగొట్టుకున్న మూడు వారాలు ఆ తేడా మాకు తెలియక పోగొట్టుకున్నవే.

ఈ నాళాల లోపలి పొరలో పుట్టే కాన్సరు మూడుచోట్ల వస్తుంది. కాలేయం లోపలి సన్న నాళాలలో పుట్టేది ఒకటి. కుడి ఎడమ నాళాలు కలిసే సంగమం దగ్గర పుట్టేది రెండవది. కింద ప్రేగుకు దగ్గరగా పుట్టేది మూడవది. సంగమం దగ్గర వచ్చేదాన్ని 1965లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు వైద్యుడు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 13 మంది రోగుల అనుభవంతో వివరించాడు. అందుకే దానికి క్లాట్‌స్కిన్ గడ్డ అని పేరు. పేరు ఒకటే అయినా ఈ మూడు కాన్సర్ల నడక వేరు, వైద్యం వేరు.

ప్రపంచంలో ఇది అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఈశాన్య థాయిలాండులో. అక్కడి నదీచేపల్లో ఉండే ఒక పురుగు, పచ్చి చేపలు తినేవారి పైత్యనాళాలలో చేరి ఏళ్ళ తరబడి కాపురం చేస్తుంది. ఆ పురుగు కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1994లో నిర్ధారించింది. మిగతాచోట్ల నాళాలలో దీర్ఘకాలపు వాపు, కాలేయం లోపలి రాళ్ళు, హెపటైటిస్ బి, సి వైరస్‌లు కారణాలుగా కనబడుతున్నాయి. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మా మావయ్య విషయంలోనూ దొరకలేదు.

ప్రోటాను చేసే పని

ఇక స్కాన్ సంగతి. మన శరీరంలో ఎక్కువ భాగం నీరు. నీటిలో హైడ్రోజన్, దాని కేంద్రకంలో ఒక ప్రోటాను. ఈ ప్రోటాను ఒక చిన్న అయస్కాంతం. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే తిరిగే బొంగరం తల ఊపినట్లు ఊగుతుంది. ఒక టెస్లా క్షేత్రంలో ఆ ఊపు సెకనుకు 4 కోట్ల 26 లక్షల సార్లు. ఆస్పత్రులలో మామూలుగా ఉండే 1.5 టెస్లా యంత్రంలో అది సుమారు 64 మెగాహెర్ట్‌జ్, అంటే ఎఫ్.ఎం. రేడియో స్టేషన్లకి కొంచెం దిగువన. సరిగ్గా అదే పౌనఃపున్యంలో రేడియో తరంగాన్ని పంపితే ప్రోటాన్లు శక్తిని గ్రహించి, ఆపైన మెల్లగా వదులుతాయి. ఆ వదిలే సంకేతాన్ని పట్టుకోవడమే మొత్తం విద్య.

దీన్ని 1946లో హార్వర్డులో పర్సెల్, స్టాన్‌ఫర్డులో బ్లోక్ విడివిడిగా కనిపెట్టారు. 1952లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశం కూడా వెనకబడి లేదు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో జి. సూర్యన్ 1951లోనే ప్రవహించే ద్రవాలలో ఈ అనునాదాన్ని పరిశీలించాడు. 1971లో రేమండ్ డమేడియన్, ఎలుకల గడ్డలలోని ప్రోటాన్లు మామూలు కండలోని వాటికన్నా నెమ్మదిగా స్వస్థితికి వస్తాయని చూపాడు. 1973లో పాల్ లాటర్‌బర్ రెండు సన్నని నీటిగొట్టాల బొమ్మను ఈ పద్ధతిలో గీశాడు. దాన్ని మరింత వేగవంతం చేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిపి ఆయనకు 2003లో నోబెల్ ఇచ్చారు.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే అంకె ఒకటుంది. 1.5 టెస్లాలో కూడా క్షేత్రం వైపు తిరిగిన ప్రోటాన్లు, ఎదురు తిరిగినవాటికన్నా 10 లక్షలకు 5 మాత్రమే ఎక్కువ. మిగతావి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ అయిదే మనకు బొమ్మనిస్తాయి.

బొమ్మ చెప్పే నాలుగు సంగతులు

పైత్యనాళపు కాన్సరులో ఎం.ఆర్.ఐ. నుంచి వైద్యులు ప్రధానంగా నాలుగు సంగతులు చదువుతారు.

మొదటిది దారి. కదలకుండా నిలిచిన ద్రవం నుంచి సంకేతం ఎక్కువసేపు వస్తుంది. మిగతా కండల సంకేతం ఆరిపోయేదాకా ఆగి అప్పుడు బొమ్మ తీస్తే, నాళాలలోని పైత్యం మాత్రమే తెల్లగా, ఆకులు రాలిన చెట్టులా కనబడుతుంది. మందు ఎక్కించనక్కరలేదు, సూది గుచ్చనక్కరలేదు. 1990ల ఆరంభంలో వచ్చిన ఈ పద్ధతిలో చెట్టు ఎక్కడ తెగిందో చూస్తే గడ్డ ఎంతవరకు పాకిందో తెలుస్తుంది. ఫ్రాన్సుకు చెందిన బిస్ముత్, కోర్లెట్ 1975లో చేసిన వర్గీకరణను దీనికి వాడతారు. సంగమానికి దిగువనే ఉంటే మొదటి రకం. సంగమాన్ని తాకితే రెండవది. కుడికో ఎడమకో ఒకవైపు శాఖల్లోకి పాకితే మూడవది. రెండువైపులా పాకితే నాలుగవది. ఒక చిన్న హెచ్చరిక: కామెర్లు తగ్గించడానికి నాళంలో గొట్టం వేశాక తీస్తే బొమ్మ చెదురుతుంది, ఉబ్బిన నాళాలు అణిగిపోతాయి. అందుకే వీలైనంతవరకు స్కాన్ ముందు, గొట్టం తరువాత.

రెండవది రక్తం. చేతి నరంలోకి గడోలినియం మందు ఎక్కించి వరుసగా బొమ్మలు తీస్తారు. కాలేయంలో పుట్టే ఈ గడ్డ సాధారణంగా ముందు అంచుల్లో వెలిగి, ఆ తరువాత నెమ్మదిగా లోపలికి నిండుతుంది. కారణం గడ్డ మధ్యలో నార ఎక్కువ, రక్తనాళాలు తక్కువ. నారలోకి మందు ఆలస్యంగా పోయి ఆలస్యంగానే బయటికొస్తుంది. మొదటి నిమిషంలోనే గడ్డంతా బాగా వెలిగినవారికి ఆపరేషను తరువాత కాస్త మెరుగైన ఫలితం ఉంటోందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి.

మూడవది నీటి కదలిక. నీటి అణువు ఖాళీ మైదానంలో మనిషిలా ఇష్టమొచ్చినట్లు తిరుగుతుంది. కణాలు కిక్కిరిసినచోట తిరునాళ్ళలో చిక్కుకున్న మనిషిలా కదలలేదు. అలా కదలలేనిచోటు ఒక రకం బొమ్మలో వెలుగుతుంది. అంటే ఎక్కువ వెలిగితే ఎక్కువ కాన్సరు, ఎక్కువ ప్రమాదం అనుకుంటాం కదా? కాలేయం లోపలి పైత్యనాళపు గడ్డల్లో ఇది తలకిందులైంది. 2016లో కొరియా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, మూడోవంతు కన్నా తక్కువ భాగం వెలిగిన గడ్డలున్న వారికే ఆపరేషను తరువాత పరిస్థితి అధ్వాన్నంగా ఉంది. ఎందుకంటే వెలగని మిగతా భాగం ఆరోగ్యం కాదు, నార. ఈ జబ్బులో నార కాన్సరుకి శత్రువు కాదు, కాపుదారు.

నాలుగవది కాలేయం స్వయంగా ఇచ్చే సాక్ష్యం. గడాక్సెటిక్ ఆమ్లం అనే మందులో సుమారు సగాన్ని కాలేయ కణాలు పీల్చుకుని పైత్యంలోకి విసర్జిస్తాయి. 20 నిమిషాల తరువాత తీస్తే కాలేయం తెల్లగా, గడ్డ నల్లగా కనబడాలి. కొన్ని గడ్డలు పూర్తిగా నల్లబడక మబ్బుపట్టినట్లు బూడిదరంగులో ఉంటాయి. అక్కడా కథ నారదే. మందు అందులో చిక్కుకుని ఉండిపోయింది. ఆ మబ్బు కూడా మంచి సూచన కాదు.

గమనిస్తే రెండు, మూడు, నాలుగు సంగతులు ఒకే మాటను మూడు రకాలుగా చెబుతున్నాయి. ఆ మాట 'నార ఎంత' అన్నది.

కంప్యూటరు జోస్యం

పై వాటిని కంటితో చూసి చెప్పవచ్చు. కంటికి అందనివి కూడా బొమ్మలో ఉంటాయని, వాటిని కంప్యూటరుతో లెక్కగట్టాలని గత పదిహేనేళ్ళుగా ఒక ప్రయత్నం జరుగుతోంది. దాని పేరు రేడియోమిక్స్. గడ్డ చుట్టూ గీత గీసి ఇస్తే, దాని ఆకారం, గరుకుదనం, పక్కపక్క చుక్కల మధ్య తేడాలు అంటూ వందల కొద్దీ అంకెలను యంత్రం తీస్తుంది. ఆ అంకెలకీ, ఎవరికి గడ్డ మళ్ళీ వచ్చింది, ఎవరు ఎన్నాళ్ళు బతికారు అన్నదానికీ లంకె వెతుకుతుంది.

ఎంత బాగా చెప్పిందో కొలవడానికి ఒక తేలికైన పద్ధతుంది. ఇద్దరు రోగులను తీసుకుని, వీరిలో ఎవరు ఎక్కువకాలం బతుకుతారని యంత్రాన్ని అడుగుతారు. బొమ్మాబొరుసూ వేసి చెబితే సగంసార్లు నిజమవుతుంది, అంటే 0.5. ఎప్పుడూ నిజమైతే 1. ఈ యంత్రాలు ఆ రెండింటి మధ్యా ఉన్నాయి.

ఇక్కడ మనం కొంచెం జాగ్రత్తపడాలి. ఈ జబ్బు అరుదైనది కనుక ఒక్కొక్క అధ్యయనంలో రోగులు తరచు వందో రెండు వందలో ఉంటారు. వారి నుంచి తీసే అంకెలు మాత్రం అంతకన్నా ఎక్కువ. అప్పుడేమవుతుందో మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. ఒకే మాస్టారి పాతప్రశ్నపత్రాలు అయిదేళ్ళవి బట్టీపట్టినవాడు ఆయన పరీక్షలో ఫస్టుక్లాసు తెచ్చుకుంటాడు. పేపరు పక్క యూనివర్సిటీ నుంచి వస్తే తెల్లమొహం వేస్తాడు. యంత్రమూ అంతే. పైగా సి.టి. స్కాన్‌లో చుక్కల తెలుపుకి ఒక ప్రమాణం ఉంది, ఎం.ఆర్.ఐ.లో లేదు. అదే కాలేయం ఒక కంపెనీ యంత్రంలో ఒక అంకె, మరో యంత్రంలో మరో అంకె ఇస్తుంది. ఈ అధ్యయనాలలో చాలాభాగం గతంలో ఆపరేషను అయినవారి పాత బొమ్మలతో, అందులోనూ తూర్పు ఆసియా దేశాలలో చేసినవి. ఆపరేషనుకి అసలు నోచుకోనివారు వాటిలో లేరు. కనుక కొత్త ఊళ్ళో, కొత్త యంత్రం మీద, కొత్త రోగులలో నిలబడిన జోస్యమే జోస్యం.

మా ఇంట్లో జరిగింది

మావయ్య గడ్డ సంగమం దగ్గరిది. బొమ్మలో చెట్టు రెండువైపులా తెగి ఉంది, అంటే నాలుగవ రకం. మొదటి ఆస్పత్రిలో ఆపరేషను కుదరదన్నారు. ఇంకొకచోట చేస్తారని ఎవరో చెప్పగా, మా అత్తయ్య ఎకరం పొలం అమ్మడానికి సిద్ధపడింది. బేరం కూడా కుదిరింది. అమ్మేముందు మరొక సర్జనుకు చూపిద్దామని ఫిలిములు పట్టుకెళ్ళాం. ఆయన వాటిని వెలుతురుకి పెట్టి అరగంట కూర్చుని చెప్పిన సంగతి ఇది.

కాలేయంలో కొంత కోసేసినా బతకవచ్చు. మామూలు కాలేయమైతే నాలుగోవంతు పైన, 30 శాతం దాకా మిగిలితే చాలు. కామెర్లతో దెబ్బతిన్నదైతే 40 శాతం దాకా మిగలాలి. మావయ్యకి ఎడమభాగం అప్పటికే చిక్కిపోయింది. కాబట్టి కుడిభాగం మిగల్చాలి. కానీ కుడిభాగానికి వెళ్ళే రక్తనాళాలను గడ్డ చుట్టేసింది. ఏ వైపు కోసినా మిగిలేది నిలవదు. "కోయగలను. కానీ ఆయన్ని ఇంటికి పంపలేను" అన్నారాయన. పొలం అమ్మలేదు.

నాళంలో గొట్టం వేశారు. దురద తగ్గింది, కళ్ళు తెల్లబడ్డాయి, తిండి సహించింది. ఆ తరువాత రెండు మందుల కీమోథెరపీ ఇచ్చారు. బ్రిటనులో 410 మంది మీద జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలో ఆ రెండు మందులూ కలిపి తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 11.7 నెలలు, ఒకే మందు తీసుకున్నవారిది 8.1 నెలలు. 2022 నుంచి దీనికి రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందును కూడా జతచేస్తున్నారు. కొన్ని గడ్డల్లో, ముఖ్యంగా కాలేయం లోపలివాటిలో, జన్యువుల మార్పును బట్టి ఇచ్చే మాత్రలున్నాయి. ఆ మార్పు తెలుసుకోవడానికి బొమ్మ చాలదు, ముక్క తీసి పరీక్షించాల్సిందే.

మధ్యస్థం అన్న మాట దగ్గర మేమంతా పొరబడ్డాం. 11.7 నెలలంటే అందరికీ ఏడాదికి గడువు తీరుతుందని కాదు. క్లాసులో మార్కుల మధ్యస్థం 48 అయితే సగంమందికి అంతకన్నా ఎక్కువే వచ్చాయి కదా. మందుకి సగంమంది ఆ గీత దాటారు. ఎవరు దాటారన్నది గీత చెప్పదు.

మావయ్య 14 నెలలు బతికాడు. అందులో పది నెలలు పొలం గట్టు మీద తిరిగాడు. కూతురి పెళ్ళి ముందుకు జరిపి తన చేతుల మీదుగా చేశాడు. కౌలు కాగితాలు, బ్యాంకు అప్పు అన్నీ సరిచూసుకున్నాడు. ఆ పొలం ఈనాటికీ అత్తయ్య పేరునే ఉంది.

ఇప్పుడడిగితే ఏం చెబుతాను?

"మావయ్యా, ఎన్నాళ్ళన్నది ఇందులో రాసిలేదు. నీలాంటివాళ్ళు వందమంది ఉంటే వాళ్ళలో ఎంతమందికి ఏమవుతుందన్నది కొంత రాసుంది. ఆ వందమందిలో నువ్వెవరివో రాసిలేదు. ఏ తలుపు మూసుందో మాత్రం స్పష్టంగా రాసుంది. దాన్ని పగలగొట్టడానికి పొలం అమ్మొద్దు" అని చెబుతాను. మూసిన తలుపును మూసిందని నిజాయితీగా చెప్పడం కూడా వైద్యమేనని నాకు ఆ సర్జను దగ్గర తెలిసింది. 10 లక్షలకు అయిదు ప్రోటాన్లు మా కుటుంబానికి చేసిన మేలు అది.

పాఠకమిత్రులకు ఒక్క విన్నపం. ఈ సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఎవరికైనా కామెర్లని తెలిస్తే రెండు ప్రశ్నలడగండి. ఒళ్ళు దురద పెడుతోందా? మలం తెల్లగా పోతోందా? అవునంటే, నొప్పి లేకపోయినా సరే, పసరు దగ్గరికి కాక ముందు ఆస్పత్రికి, కనీసం ఒక అల్ట్రాసౌండ్ స్కాన్‌కి తీసుకెళ్ళండి. అన్నీ కాన్సరే కానక్కరలేదు, నాళంలో రాయి పడినా ఇవే లక్షణాలు. రాయైతే తీసేస్తారు. గడ్డైతే మూడు వారాలు ముందు చూడటంవల్ల ఒక తలుపు ఇంకా తెరిచి ఉండవచ్చు. మా మావయ్యకి ఉండేదో లేదో నేను చెప్పలేను. ఆ సంగతి ఏ బొమ్మలోనూ లేదు.